శాన్‌ఫర్డ్ అలెగ్జాండర్ మాస్

శాన్‌ఫర్డ్ అలెగ్జాండర్ మాస్ (ఆగష్టు 23, 1872 - నవంబరు 10, 1946) అమెరికాకు చెందిన మెకానికల్ ఇంజనీరు. విమాన ఇంజనులకు అమర్చే టర్బో సూపర్‌ఛార్జరును ఆచరణయోగ్యమైన యంత్రంగా తీర్చిదిద్దినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇంజను నుండి వృథాగా పోయే వేడి వాయువులతో ఒక టర్బైనును తిప్పి, ఆ టర్బైను సాయంతో ఇంజనులోకి వెళ్ళే గాలిని ఒత్తి పంపడం ఈ యంత్రం చేసే పని. దీనివలన గాలి పలచగా ఉండే ఎత్తుల్లో కూడా ఇంజను తన శక్తిని నిలుపుకోగలుగుతుంది. 1918లో అమెరికాలోని పైక్స్ పీక్ పర్వతంపై మాస్ జరిపిన పరీక్ష విమానయాన చరిత్రలో ప్రసిద్ధి చెందింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన అనేక అమెరికా విమానాలు ఇతని యంత్రాలతోనే ఎత్తుల్లో ఎగిరాయి. ఈ యంత్రం ఇచ్చే అదనపు పీడనాన్ని, అనగా బూస్టును, అదుపులో ఉంచడం ఇతని కాలంలో పెద్ద సమస్య. సొంతంగా విమానాలు నిర్మించుకొని, వాటికి రోటరీ ఇంజనులు అమర్చుకొనేవారికి అదే సమస్య నేటికీ ఎదురవుతున్నది.

బాల్యం, విద్య

మాస్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 1872 ఆగష్టు 23న జన్మించాడు. 16 ఏళ్ళ వయసులో అదే నగరంలో గాలిని సంపీడనం చేసే యంత్రాల కర్మాగారంలో పని నేర్చుకొనే కుర్రవాడిగా చేరాడు. కళాశాల చదువుకంటే ముందే లేతు, సుత్తి, కొలబద్దలతో ఇతనికి పరిచయం ఏర్పడింది. ఒత్తిడికి గురిచేసిన గాలిలో ఇంధనాన్ని మండిస్తే ఆ గాలి నుండి మరింత పనిని రాబట్టవచ్చుననే ఆలోచన ఇతనికి ఆ కర్మాగారంలోనే కలిగింది. గ్యాస్ టర్బైను అనే యంత్రానికి మూలసూత్రం ఇదే. తరువాతి జీవితమంతా మాస్ ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరిగాడని చెప్పవచ్చు.

తరువాత ఇతడు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1896లో ఇంజనీరింగు పట్టాను, 1900లో మాస్టర్స్ పట్టాను పొందాడు. అక్కడి నుండి న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, గ్యాస్ టర్బైనుపై పరిశోధన చేసి, 1903లో డాక్టరేటు అందుకున్నాడు. ఆ కాలంలో కార్నెల్‌లో ఆచార్యుడుగా ఉన్న విలియం డ్యురాండ్‌కు మాస్ పరిశోధన గురించి తెలుసు. ఈ పరిచయం సుమారు పద్నాలుగేళ్ళ తరువాత మాస్ జీవితాన్ని మలుపు తిప్పింది.

గ్యాస్ టర్బైను పరిశోధన

కార్నెల్‌లో మాస్ ఒక దహన గదిని తయారుచేసి, అందులో ఒత్తిడితో కూడిన గాలిలో ఇంధనాన్ని మండించి, ఆ వేడి వాయువులను ఆవిరి టర్బైనుకు చెందిన ఒక చక్రంపైకి పంపాడు. చక్రం తిరిగింది. కాని చక్రం నుండి వచ్చిన శక్తి, గాలిని సంపీడనం చేయడానికి ఖర్చయిన శక్తి కంటే తక్కువగా ఉంది. అంటే యంత్రం తన అవసరానికి సరిపడే శక్తిని కూడా తాను ఉత్పత్తి చేసుకోలేకపోయింది.

గ్యాస్ టర్బైనులో టర్బైను ఇచ్చే శక్తిలో అధికభాగం తన కంప్రెసరును తిప్పడానికే ఖర్చవుతుంది. కంప్రెసరు, టర్బైను రెండూ ఎంతో దక్షతతో పనిచేస్తేనే చివరకు కొంత మిగులు కనిపిస్తుంది. 20వ శతాబ్దం తొలినాళ్ళలో అంత దక్షతగల కంప్రెసర్లు లేవు. అంతటి వేడిని ఎక్కువసేపు తట్టుకోగల లోహాలు కూడా లేవు. అదే 1903లో నార్వేలో ఏగిడియస్ ఎల్లింగ్ అనే ఇంజనీరు కొద్దిపాటి మిగులు శక్తినిచ్చే గ్యాస్ టర్బైనును నడిపించగలిగాడు. అయితే అది కూడా పరిశ్రమలకు పనికివచ్చే స్థాయికి చేరలేదు.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో

డాక్టరేటు పొందిన ఏడాదే, అనగా 1903లో, మాస్ జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణంలో ఆ సంస్థకు పెద్ద కర్మాగారం ఉంది. అక్కడ కూడా ఇతడు గ్యాస్ టర్బైను పరిశోధనను కొనసాగించాడు. కొన్నేళ్ళ ప్రయత్నం తరువాత కూడా యంత్రం ఇచ్చే పని కంటే తినే ఇంధనం మరీ ఎక్కువగా ఉండడంతో 1907 ప్రాంతంలో సంస్థ ఆ పరిశోధనను నిలిపివేసింది.

ఈ పరిశోధన పూర్తిగా వ్యర్థం కాలేదు. గ్యాస్ టర్బైను కోసం మాస్ రూపొందించిన కేంద్రాపసారక కంప్రెసర్లు వేరే పనులకు ఉపయోగపడ్డాయి. ఈ రకపు కంప్రెసరులో వేగంగా తిరిగే చక్రం గాలిని మధ్య నుండి అంచుకు విసిరి, ఆ వేగాన్ని పీడనంగా మారుస్తుంది. ఇనుమును కరిగించే కొలిమిల వంటి చోట్ల గాలిని పెద్ద మొత్తంలో పంపడానికి ఇలాంటి యంత్రాలు అవసరమయ్యాయి. తరువాతి పదేళ్ళు మాస్ ఈ కంప్రెసర్ల రూపకల్పనలో గడిపాడు. ఒకవైపు వేడి వాయువులతో తిరిగే టర్బైను, మరొకవైపు వేగంగా తిరిగే కంప్రెసరు, ఈ రెండింటిలోనూ అనుభవమున్న అరుదైన ఇంజనీరుగా ఇతడు తయారయ్యాడు.

ఎత్తుతో వచ్చే సమస్య

పెట్రోలు ఇంజను శక్తి అది లోపలికి పీల్చుకొనే గాలి బరువుపై ఆధారపడి ఉంటుంది. సముద్రమట్టం వద్ద గాలి పీడనం పాదరస భారమితిలో సుమారు 29.92 అంగుళాలు. పైకి పోయేకొద్దీ ఇది తగ్గుతూ, దాదాపు 18,000 అడుగుల ఎత్తులో సగానికి చేరుతుంది. గాలి పలచబడితే అందులోని ఆక్సిజను తగ్గుతుంది, దానితో మండించగల ఇంధనం తగ్గుతుంది, ఇంజను నీరసించిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువ ఎత్తున ఎగిరే విమానానిదే పైచేయి కావడంతో ఈ సమస్యకు ప్రాధాన్యం పెరిగింది.

దీనికి పరిష్కారం గాలిని ముందే ఒత్తి ఇంజనులోకి పంపడం. ఈ పని చేసే కంప్రెసరును ఇంజను ఇరుసుకే పళ్ళచక్రాలతో కలపవచ్చు. అలా చేస్తే ఇంజను శక్తిలో కొంత భాగం దానికే పోతుంది. రెండవ మార్గం ఇంజను బయటకు వదిలే వేడి వాయువులతో దానిని తిప్పడం. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో విమాన ఇంజనులకు అనువైన నమూనాలను తయారుచేశాడు.

1917లో అమెరికా యుద్ధంలో ప్రవేశించింది. అప్పటికి విమానశాస్త్ర జాతీయ సలహా సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న డ్యురాండ్‌కు ఫ్రెంచివారి ప్రయత్నాల గురించి తెలిసింది. కార్నెల్‌లో వేడి వాయువులతో చక్రం తిప్పిన పాత విద్యార్థి అతనికి గుర్తుకు వచ్చాడు. డ్యురాండ్ జనరల్ ఎలక్ట్రిక్ సంస్థను సంప్రదించగా, ఆ పని మాస్‌కు అప్పగించబడింది. పదేళ్ళ క్రితం మూలనపడిన పరిశోధన ఈ విధంగా మరొక రూపంలో తిరిగి మొదలైంది. ఇక్కడ టర్బైను మిగులు శక్తిని ఇవ్వవలసిన అవసరం లేదు, కంప్రెసరును తిప్పితే చాలు. గ్యాస్ టర్బైనును ఓడించిన లెక్క ఈ యంత్రానికి అడ్డు కాలేదు.

పైక్స్ పీక్ పరీక్ష

మాస్ బృందం తయారుచేసిన టర్బో సూపర్‌ఛార్జరును 12 సిలిండర్ల లిబర్టీ ఇంజనుకు అమర్చారు. ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని మెక్‌కుక్ ఫీల్డ్ అనే సైనిక విమాన కేంద్రంలో తొలి పరీక్షలు జరిగాయి. అయితే నేలమీద నడిపి చూస్తే యంత్రం అసలు విలువ తెలియదు. ఎత్తులోని పలచని గాలిలో పరీక్షించాలి. విమానంలో పెట్టి పంపితే కొలతలు తీయడం కష్టం, ఇంజను విఫలమైతే ప్రాణాపాయం. అందుచేత ఇంజనును పర్వత శిఖరానికి తీసుకుపోవాలని నిర్ణయించారు.

కొలరాడో రాష్ట్రంలోని పైక్స్ పీక్ పర్వతం ఎత్తు అప్పటి కొలతల ప్రకారం 14,109 అడుగులు. శిఖరం వరకు వాహనాలు వెళ్ళే మార్గం కూడా ఉంది. 1918లో, యుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, మాస్ బృందం ఇంజనును, టర్బోను, కొలత పరికరాలను ట్రక్కుపై శిఖరానికి చేర్చింది. ఆ ఎత్తులో మనుషులకు కూడా ఊపిరి చాలదు, చలి తీవ్రంగా ఉంటుంది. అక్కడే ఇంజనును మళ్ళీ మళ్ళీ నడిపి కొలతలు తీసుకున్నారు.

లిబర్టీ ఇంజను కింద సుమారు 350 అశ్వశక్తిని ఇచ్చేది. శిఖరంపై టర్బో లేకుండా నడిపితే అది సుమారు 230 అశ్వశక్తికి పడిపోయింది. టర్బోతో నడిపినప్పుడు 356 అశ్వశక్తి లభించింది. సముద్రమట్టం వద్ద ఉండే పీడనంలో సుమారు అయిదింట మూడు వంతులు మాత్రమే ఉండే గాలిలో, ఇంజను కింద ఉన్నప్పటి శక్తిని పూర్తిగా నిలుపుకొన్నది. అదే కాలంలో రాటో పద్ధతిని అనుసరించిన మరొక అమెరికన్ నమూనా కూడా సైన్యం పరిశీలనలో ఉండగా, చివరకు మాస్ నమూనాయే నిలిచింది.

1918 నవంబరులో యుద్ధం ముగియడంతో సైనిక కాంట్రాక్టులు చాలా వరకు ఆగిపోయాయి. అయినప్పటికీ మెక్‌కుక్ ఫీల్డ్ ఇంజనీర్లు ఈ యంత్రంపై ఆసక్తి వదలలేదు. మాస్ పని కొనసాగింది.

ఎత్తు రికార్డులు

1919లో లెపేర్ అనే రెండు రెక్కల జతలు గల విమానానికి లిబర్టీ ఇంజనుతోపాటు మాస్ టర్బోను అమర్చి ఎగురవేశారు. 1920 ఫిబ్రవరి 27న మేజర్ రుడాల్ఫ్ ష్రోడర్ ఈ విమానంలో 33,113 అడుగుల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ విమానానికి మూసిన కాక్‌పిట్ లేదు. పైన ఉండగా ఆక్సిజను సరఫరాలో లోపం ఏర్పడింది. కళ్ళద్దాలు పైకి తీసినప్పుడు తీవ్రమైన చలికి కళ్ళలోని తడి గడ్డకట్టి ష్రోడర్‌కు చూపు మసకబారింది. అతడు స్పృహ తప్పగా విమానం వేల అడుగులు కిందికి జారింది. నేలకు దగ్గరయ్యాక తెలివి వచ్చి, సరిగా కనిపించకపోయినా విమానాన్ని దించగలిగాడు. ఇంజను బతకగలిగిన ఎత్తులో మనిషి బతకడం కష్టమని ఈ సంఘటన తెలియజేసింది.

1921 సెప్టెంబరులో జాన్ మెక్‌రెడీ అదే రకపు విమానంలో 34,508 అడుగుల ఎత్తును అందుకొని ఆ రికార్డును దాటాడు. ఈ రికార్డులతో మాస్ యంత్రానికి ప్రపంచమంతటా పేరు వచ్చింది. కాని పేరు వచ్చినంత త్వరగా వాడకం రాలేదు. టర్బో సైనిక విమానాల్లో మామూలు పరికరంగా మారడానికి మరో పదిహేనేళ్ళకు పైగా పట్టింది.

వేడి, లోహాల సమస్య

ఈ ఆలస్యానికి ముఖ్యకారణం వేడి. ఇంజను నుండి వచ్చే వాయువుల ఉష్ణోగ్రత సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. ఆ వేడిలో ఎర్రగా కాలుతూ టర్బైను చక్రం నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరగాలి. ఆ వేగంలో అంచున ఉన్న ఒక్కొక్క చిన్న రెక్క మీద ఎంతో బలం పనిచేస్తుంది. ఎర్రగా కాలిన లోహం ఆ బలానికి క్రమంగా సాగి, చివరకు తెగిపోతుంది. తెగిన రెక్క తుపాకీ గుండులా దూసుకుపోగలదు.

మాస్ ఈ సమస్యను రెండు వైపుల నుండి ఎదుర్కొన్నాడు. మొదటిది, టర్బైను చక్రాన్ని విమానం బయటి గాలి తగిలేలా అమర్చి చల్లబరచడం. యుద్ధకాలపు విమానాల ఇంజను తొడుగుల వద్ద బయటికి కనిపించే గుండ్రని టర్బైను చక్రాలు ఈ పద్ధతికి ఆనవాళ్ళు. రెండవది, మెరుగైన మిశ్రలోహాలు. సంవత్సరాల తరబడి ఒకదాని తరువాత ఒకటిగా అనేక మిశ్రలోహాలను పరీక్షించారు. చివరకు కృత్రిమ దంతాల తయారీలో వాడే వైటాలియం అనే కోబాల్టు మిశ్రలోహం టర్బైను రెక్కలకు చక్కగా సరిపోయింది. దంతవైద్యుల పద్ధతిలోనే మైనపు నమూనా చుట్టూ అచ్చు తయారుచేసి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో లోహాన్ని పోసి రెక్కలను తయారుచేశారు. దీనివలన రెండవ ప్రపంచ యుద్ధంలో వాటిని భారీ సంఖ్యలో ఉత్పత్తి చేయడం సాధ్యమైంది.

బూస్టును అదుపు చేయడం

టర్బోకు సంబంధించిన రెండవ పెద్ద సమస్య అదుపు. టర్బో తనంతట తాను ఆగే యంత్రం కాదు. గాలి ఎక్కువగా పంపితే ఇంజను ఎక్కువ ఇంధనాన్ని మండిస్తుంది. అప్పుడు వెలుపలికి వచ్చే వాయువులు పెరుగుతాయి. వాటితో టర్బైను ఇంకా వేగంగా తిరిగి ఇంకా ఎక్కువ గాలిని పంపుతుంది. అడ్డు లేకపోతే ఈ చక్రం పెరుగుతూనే పోతుంది. గాలి దట్టంగా ఉండే తక్కువ ఎత్తుల్లో దీని ప్రమాదం మరీ ఎక్కువ.

పీడనం హద్దు మీరితే సిలిండరులోని మిశ్రమం క్రమంగా మండడానికి బదులు ఒక్కసారిగా పేలుతుంది. దీనిని డిటొనేషన్ అంటారు. ఇది పిస్టన్లను, సిలిండర్లను నిమిషాల్లో పాడుచేయగలదు. ఎక్కువ ఆక్టేన్ సంఖ్యగల పెట్రోలు దీనిని కొంతవరకు ఆపుతుంది. గాలిని ఒత్తినప్పుడు అది వేడెక్కుతుంది కనుక, ఇంజనులోకి పంపే ముందు దానిని చల్లబరిచే ఇంటర్‌కూలరు కూడా అవసరమవుతుంది.

అదుపు కోసం వాడిన ముఖ్యమైన భాగం వేస్ట్‌గేట్. వాయువులు టర్బైను చేరకముందే వాటిలో కొంత భాగాన్ని పక్కనుండి బయటకు వదిలే తలుపు ఇది. నేలవద్ద ఈ తలుపు చాలావరకు తెరిచి ఉంటుంది. విమానం పైకి పోయేకొద్దీ దానిని మూస్తూ పోతే, బయటి గాలి పలచబడుతున్నా ఇంజనులోకి వెళ్ళే గాలి పీడనం మారకుండా ఉంటుంది. ఒక ఎత్తు వద్ద తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. దానిని కీలక ఎత్తు అంటారు. అంతకంటే పైకి పోతే శక్తి తగ్గక తప్పదు. పలచని గాలిలో అదే పీడనాన్ని నిలపాలంటే టర్బైను మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. అందువలన చాలా ఎత్తులో ప్రమాదం ఇంజనుకు కాక టర్బైనుకు ఏర్పడుతుంది. ఇంజను పీడనం సరిగానే కనిపిస్తున్నా టర్బైను తన వేగపు హద్దును దాటి పగిలిపోవచ్చు.

తొలి రోజుల్లో పైలటే ఒక మీటతో వేస్ట్‌గేటును కదిపేవాడు. థ్రాటిల్, ఇంధన మిశ్రమం, ప్రొపెల్లరు వీటితోపాటు ఇది మరొక మీట. మీట కదిపిన కొంతసేపటికి గాని టర్బో వేగం మారదు కనుక, తొందరపడి ఎక్కువ కదిపితే పీడనం హద్దు దాటేది. తరువాత నూనె పీడనంతో పనిచేసే నియంత్రణ పరికరాలు వచ్చాయి. ఎత్తులోని చలికి వాటిలో నూనె చిక్కబడి, తలుపు ఆలస్యంగా కదిలేది. దీనికి పరిష్కారంగా యుద్ధకాలంలో మినియాపొలిస్-హనీవెల్ సంస్థ ఎలక్ట్రానిక్ నియంత్రణను తయారుచేసింది. నాలుగు ఇంజనుల బాంబరులో ఒకే గుండీని తిప్పి నాలుగు టర్బోల బూస్టును మార్చడం దీనితో సాధ్యమైంది. టర్బైను వేగం మితిమీరకుండా చూసే ఏర్పాటు కూడా ఇందులో ఉండేది.

రెండవ ప్రపంచ యుద్ధం

1930ల మధ్యలో కన్సాలిడేటెడ్ సంస్థ తయారుచేసిన పీబీ-2ఏ యుద్ధవిమానాలు టర్బోతో వచ్చాయి. 1938లో టర్బోలు అమర్చిన బోయింగ్ వై1బీ-17ఏ బాంబరు ఎగిరింది. మొదట టర్బోలను ఇంజను తొడుగుల పైభాగాన పెట్టగా రెక్కపై గాలి ప్రవాహం చెదిరింది. వాటిని అడుగుభాగానికి మార్చిన తరువాత ఫలితాలు ఎంతో మెరుగయ్యాయి. టర్బో లేని బీ-17ల కంటే ఇది చాలా ఎత్తున, గంటకు 300 మైళ్ళకు పైగా వేగంతో ఎగరగలిగింది. ఆ తరువాత వచ్చిన బీ-17లన్నీ టర్బోలతోనే తయారయ్యాయి.

మాస్ 1938లో ఉద్యోగ విరమణ చేశాడు. అయితే టర్బోలకు గిరాకీ పెరగడంతో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇతనిని సలహాదారుగా వెనక్కు పిలిచింది. 1940 సంవత్సరపు కొలియర్ ట్రోఫీని మాస్‌కు, అమెరికా సైనిక వైమానిక దళానికి కలిపి ప్రకటించారు. అమెరికాలో విమానయాన రంగానికి ఇచ్చే గొప్ప పురస్కారాల్లో ఇది ఒకటి.

బీ-17, బీ-24, బీ-29 బాంబర్లు, పీ-38, పీ-47 యుద్ధవిమానాలు ఈ టర్బోలతో ఎగిరాయి. పీ-47లో టర్బోను పైలటు వెనుక, విమానం తోకభాగానికి దగ్గరగా అమర్చి, పొడవైన గొట్టాల ద్వారా ఇంజనుతో కలిపారు. బ్రిటన్ కోసం టర్బోలు లేకుండా తయారైన పీ-38లు పరీక్షల్లో నిరాశ కలిగించగా ఆ దేశం వాటిని తీసుకోలేదు. ఒకే విమానం టర్బోతో ఒకలా, టర్బో లేకుండా మరొకలా ఉంటుందని దీనివలన రుజువైంది.

భారతదేశానికి కూడా ఈ యంత్రాలతో సంబంధం ఉంది. 1944లో బెంగాలులోని ఖరగ్‌పూర్ పరిసరాల్లోని స్థావరాల నుండి బీ-29 బాంబర్లు హిమాలయాలను దాటి చైనాకు వెళ్ళేవి. యుద్ధం ముగిశాక కాన్పూరులో వదిలివేసిన బీ-24 లిబరేటర్లను బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేసి భారత వైమానిక దళానికి అందించింది. అవి 1968 వరకు సేవలో ఉన్నాయి.

జెట్ ఇంజను, చివరి రోజులు

1941లో అమెరికా సైనిక వైమానిక దళాధిపతి హెన్రీ ఆర్నాల్డ్ బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ రూపొందించిన జెట్ ఇంజనును చూశాడు. దానిని అమెరికాలో తయారుచేసే బాధ్యతను జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు అప్పగించారు. వేడి వాయువులతో తిరిగే టర్బైనుల తయారీలో లిన్ కర్మాగారానికి ఉన్న అనుభవమే దీనికి ముఖ్యకారణం. 1942 ఏప్రిల్‌లో లిన్‌లో తొలి అమెరికా జెట్ ఇంజను నడిచింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆ ఇంజనులతో బెల్ ఎక్స్‌పీ-59ఏ విమానం ఎగిరింది. జెట్ ఇంజను కూడా ఒక గ్యాస్ టర్బైనే. ఈ ఇంజనుకు మాస్ రూపకర్త కాదు. అయినా 1903లో తన శక్తికి తానే చాలక ఆగిపోయిన ఇతని యంత్రం చేయలేని పనిని, ఇతడు పెంచిన కర్మాగారం ఇతని జీవితకాలంలోనే చేసి చూపింది.

మాస్ 1946 నవంబరు 10న, 74 ఏళ్ళ వయసులో మరణించాడు. అప్పటికే సైనిక విమానాల్లో పిస్టన్ ఇంజనుల యుగం ముగింపుకు వస్తున్నది.

సొంత విమానాల్లో రోటరీ ఇంజనులు

టర్బో మాత్రం మాస్‌తో ముగిసిపోలేదు. లారీలకు, కార్లకు, చిన్న విమానాలకు అది వ్యాపించింది. అమెరికాలో అభిరుచితో తమ విమానాన్ని తామే నిర్మించుకొనే వారిలో కొందరు మాజ్డా కార్ల రోటరీ ఇంజనులను వాడుతున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సిలిండర్లన్నీ కలిసి తిరిగే ఇంజనులను కూడా రోటరీ అనేవారు. అవి వేరు, ఇవి వేరు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ పేరుతో ప్రసిద్ధమైన ఈ ఇంజనులో పిస్టను బదులు మూడు మూలల రోటరు ఒక గదిలో తిరుగుతుంది. మాజ్డా 13బీ ఇంజనులో ఇలాంటి రోటర్లు రెండు ఉంటాయి. పరిమాణం, కదిలే భాగాలు తక్కువ కావడం దీని ఆకర్షణ.

ఈ ఇంజను వదిలే వాయువులు పిస్టన్ ఇంజను వాయువుల కంటే వేడిగా ఉంటాయి. కవాటాలు లేనందున వాయుమార్గం ఒక్కసారిగా తెరుచుకొని అవి బలంగా వెలువడతాయి. టర్బైనుకు ఇది మంచి ఆహారమే గాని, అదుపు మరింత కష్టమవుతుంది. వేస్ట్‌గేట్ చిన్నదైతే పూర్తిగా తెరిచినా వాయువులన్నీ దాని గుండా పోలేవు. అప్పుడు బూస్టు కోరుకున్న హద్దును దాటి పాకుతుంది. డిటొనేషన్ వస్తే రోటరు మూలల్లో ఉండే సీళ్ళు విరుగుతాయి. విరిగిన ముక్క టర్బైనును కూడా పాడుచేయవచ్చు.

కారు టర్బోను ఉన్నదున్నట్లు విమానానికి వాడితే మరికొన్ని చిక్కులు వస్తాయి. కారు కొద్ది క్షణాలు మాత్రమే పూర్తి బూస్టును కోరుతుంది. విమానం గంటల తరబడి అధికశక్తితో నడుస్తుంది. కారు వేస్ట్‌గేటును ఒక స్ప్రింగు మూసి ఉంచుతుంది, బూస్టు పీడనం దానిని తెరుస్తుంది. ఈ ఏర్పాటు బయటి గాలి కంటే ఎంత ఎక్కువ పీడనం ఉన్నదో మాత్రమే చూస్తుంది. కనుక పైకి పోయేకొద్దీ ఇంజనులోని అసలు పీడనం తగ్గిపోతుంది. అసలు పీడనాన్ని నిలిపేలా మారిస్తే టర్బైను వేగం మితిమీరే ప్రమాదం ఉంటుంది. పీడనాన్ని చేరవేసే చిన్న గొట్టం ఊడిపోతే స్ప్రింగు తలుపును మూసే ఉంచి బూస్టును విపరీతంగా పెంచుతుంది. తలుపు తెరుచుకొని ఉండిపోతే మాత్రం విమానం టర్బో లేని ఇంజనులా నడిచి పైలటును నేలకు చేర్చగలదు. అందుచేత పరికరం పాడైనప్పుడు తలుపు ఏ వైపుకు పోతుందన్నది నిర్మాత ముందుగా తేల్చుకోవలసిన విషయం.

పెద్ద వేస్ట్‌గేట్, సరిపోయే టర్బైను గృహం, ఇంటర్‌కూలరు, మేనిఫోల్డు పీడనాన్ని చూపే మీటరు, పీడనం హద్దు దాటితే విడుదల చేసే కవాటం వంటివి ఇందుకు వాడే సాధనాలు. కొందరు మీటతో, కొందరు ఎలక్ట్రానిక్ పరికరంతో తలుపును అదుపు చేస్తారు. బీ-17 పైలట్లు ఎదుర్కొన్న ప్రశ్నలే ఒంటరి పైలటు ముందు తిరిగి నిలుస్తాయి.

ప్రాముఖ్యత

టర్బో ఆలోచన మాస్‌ది కాదు. బ్యూషి, రాటో ఇతనికంటే ముందున్నారు. ఆ ఆలోచనను ఎర్రగా కాలే లోహంతో, ఎక్కువకాలం నిలిచే యంత్రంగా మార్చడం, అందుకోసం ఇరవై ఏళ్ళకు పైగా విడువకుండా పనిచేయడం ఇతని ఘనత. వృథాగా పోయే శక్తిని పట్టుకోవడం ఎంత అవసరమో, అవసరానికి మించినదానిని వదిలివేయడం కూడా అంతే అవసరమని ఇతని యంత్రం చరిత్ర తెలియజేస్తుంది.